వుడ్‌వర్డ్ దారిలో గేరుబాక్సు

డెట్రాయిట్ చూడ్డానికి వచ్చిన మనవాళ్లు సాధారణంగా నది ఒడ్డున ఫొటోలు దిగి, డియర్‌బోర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియం చూసి, నోవైలో వెంకటేశ్వరస్వామి దర్శనం చేసుకుని ఇంటికి చేరతారు. వేసవికి తెనాలి వైపు నుంచి వచ్చిన మా మామగారు ఆ పర్యటన మొదటి వారంలోనే ముగించారు. రెండో వారానికి ఆయనకు పొద్దు గడవడం కష్టమైంది. సరిగ్గా అప్పుడే నేనొక పాత గేరుబాక్సును ఉత్తరాన ఉన్న పల్లెకు తీసుకెళ్లాల్సి వచ్చింది. "గేరుబాక్సా? ఏ బండిదండీ?" అని అడిగి, జవాబు వినకుండానే చెప్పులు వేసుకున్నారు.

బండి 1951 నాటి ఫోర్డ్ 8ఎన్. మేం కొందరు స్నేహితులం ఇమ్లే సిటీకి అవతల కౌలుకు తీసుకున్న చేలో బెండ, గోంగూర, దోస వేస్తాం. అక్కడికి దగ్గర్లోనే ఉండే ఒక రిటైరైన టూల్‌మేకర్ ఆ ట్రాక్టర్ని నట్టు నట్టూ విప్పి, బాగుచేసి, ఎర్ర ఇంజన్, బూడిదరంగు రేకులతో కొత్తగా నిలబెట్టి మాకు అమ్మాడు. ఇంజన్ బాగుంది, హైడ్రాలిక్ బాగుంది. చిక్కంతా గేర్లతోనే. ఉన్నవి నాలుగు ముందుకు, ఒకటి వెనక్కి. మొదటి గేరులో ఇంజన్ని పూర్తిగా తిప్పితే గంటకు మూడు మైళ్ల పైచిలుకు నడుస్తుంది. సాళ్ల మధ్య గుంటక తోలేటప్పుడు లేత మొక్కలు మట్టి కింద పడకుండా చూడాలంటే అది చాలా ఎక్కువ. ఇంజన్ని మందగిస్తే బిగువైన చోట ఆగిపోతుంది. అటు నాలుగో గేరులో పన్నెండు మైళ్లు దాటదు. చేనుకీ కొట్టానికీ మధ్య రోడ్డు మీద వెళుతుంటే వెనక కార్ల వరస పెరిగిపోతుంటుంది.

దీనికి విరుగుడు కూడా ఆ బండి కాలంలోనే పుట్టింది. షర్మన్ ప్రొడక్ట్స్ అనే కంపెనీ ఫోర్డ్ ట్రాక్టర్ల కోసం చిన్న అదనపు గేరుబాక్సులు చేసి అమ్మింది. స్టెప్-అప్ రకం వేగాన్ని దాదాపు ఒకటిన్నర రెట్లు చేస్తుంది. స్టెప్-డౌన్ రకం తగ్గిస్తుంది. కాంబినేషన్ రకంలో ఎక్కువ (హై), మామూలు, తక్కువ (లో) అనే మూడు స్థానాలుంటాయి. అది బిగిస్తే నాలుగు గేర్లు పన్నెండవుతాయి, రివర్సు మూడవుతుంది. మా కారు డిక్కీలో ఉన్నది ఆ కాంబినేషన్ రకమే. ఒకరి పాత సామాన్ల కొట్టంలో దొరికింది.

దారిలో డియర్‌బోర్న్ ఉంది గనక మామగారికి మళ్లీ మ్యూజియం చూపించాను, ఈసారి ఒక్క వ్యవసాయం విభాగమే. ఫోర్డ్ 1907లో కారు విడిభాగాలతో చేయించిన ప్రయోగాత్మక ట్రాక్టర్ ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు. అక్కణ్ణుంచి ఫోర్డ్ నివాసం ఫెయిర్ లేన్ దగ్గరే. రూజ్ నది పక్కన చెట్ల మధ్య ఉండే ఆ ఎస్టేటులో 1938 అక్టోబరులో ఉత్తర ఐర్లండ్ నుంచి వచ్చిన హ్యారీ ఫెర్గుసన్ తన చిన్న ట్రాక్టర్ని ఫోర్డ్‌కి నడిపి చూపించాడు. నాగలిని బండికి గొలుసుతో లాగించకుండా మూడు చోట్ల పట్టి, హైడ్రాలిక్‌తో లేపి దించే పద్ధతి అతనిది. ఇద్దరూ అక్కడే చేతులు కలుపుకున్నారు. కాగితం, సంతకం ఏవీ లేవు. ఆ ఒప్పందంతో 1939లో ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. ఈనాడు మన ఊళ్లలో తిరిగే ఏ ట్రాక్టర్ వెనక చూసినా కనిపించే మూడు చేతుల లింకేజీ ఆ బండితోనే పెద్దయెత్తున లోకమంతా పాకింది.

చేతులు కలిపి చేసుకున్న ఒప్పందం చేతులు విడిచేటప్పుడు చిక్కు తెచ్చింది. హెన్రీ ఫోర్డ్ 1947 ఏప్రిల్‌లో చనిపోయాడు. అంతకు ముందే కంపెనీ పగ్గాలు మనవడి చేతికి వచ్చాయి, ఫెర్గుసన్‌తో తెగదెంపులు నిర్ణయమైపోయాయి. 1947 జూలైలో 8ఎన్ మార్కెట్లోకి వచ్చింది. 9ఎన్‌కి మూడు గేర్లే, దీనికి నాలుగు. 1952 దాకా 5 లక్షల 20 వేలకు పైగా తయారయ్యాయి. ఫెర్గుసన్ కోర్టుకెక్కాడు. 1952లో ఫోర్డ్ 92.5 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. ఈలోగా ఫెర్గుసన్ ఊరుకోలేదు. 1948లో ఇదే డెట్రాయిట్‌లో సొంత ఫ్యాక్టరీ పెట్టి టీఓ-20 ట్రాక్టర్లు చేయడం మొదలుపెట్టాడు. 1953లో అతని కంపెనీ మాసీ-హ్యారిస్‌తో కలిసిపోయింది, అదే తర్వాత మాసీ ఫెర్గుసన్ అయింది.

"అంటే మా మాసీ బండి పుట్టిల్లు కూడా ఇదేనన్న మాట!" అన్నారు మామగారు. ఆయన ముప్పై ఏళ్లు తోలింది టాఫె వారి మాసీ ఫెర్గుసన్ 1035. టాఫె మద్రాసులో 1960లో మొదలైంది. 1035 మూలాలు మాసీ 35 సిరీస్‌లో ఉన్నాయి. ఆ 35కి అమెరికా రూపమైన టీఓ-35 తయారైంది డెట్రాయిట్‌లోనే. కాబట్టి ఆయన మాటలో అతిశయోక్తి లేదు.

డియర్‌బోర్న్ నుంచి హైలాండ్ పార్క్ వెళ్లి వుడ్‌వర్డ్ అవెన్యూ ఎక్కాం. ఫోర్డ్ 1910లో తెరిచిన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీ ఈ రోడ్డు పక్కనే ఉంది. 1913లో ఇక్కడే కదిలే అసెంబ్లీ లైను మొదలైంది. ఒక మోడల్ టి కారు ఛాసీ కట్టడానికి పన్నెండు గంటలకు పైగా పట్టేది గంటన్నరకు దిగింది. 1914లో రోజుకు ఐదు డాలర్ల కూలీ ప్రకటించిందీ ఇక్కడే. అంతగా చెప్పుకోని మరో సంగతి ఉంది. 8ఎన్ ట్రాక్టర్లు తయారైంది కూడా ఈ హైలాండ్ పార్కులోనే. కారు ఆపి చూస్తే మోడల్ టి పేరు పెట్టుకున్న షాపింగ్ ప్లాజా, దాని వెనక ఎత్తైన పాత భవనాలు. గుర్తుగా ఒక ఫలకం ఉంది. మామగారు కిటికీలు పగిలిన అంతస్తులు లెక్కపెట్టి, "మన బండి ఇందులోంచే బయటికొచ్చిందా?" అని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు.

వుడ్‌వర్డ్ మీద ఉత్తరానికి వెళుతుంటే ఆరో మైలు రోడ్డు, ఏడో మైలు రోడ్డు అని వరసగా అడ్డరోడ్లు వస్తాయి. ఆ రెండింటి మధ్య మైలు దూరం 1909లో కాంక్రీటు పోశారు. దేశంలో కాంక్రీటు హైవేలకు అది తొలి అడుగని చెబుతారు. ఎనిమిదో మైలు రోడ్డు దాటితే డెట్రాయిట్ నగరం అయిపోతుంది. ఇంకొంచెం ముందుకు వెళితే రాయల్ ఓక్. షర్మన్ ప్రొడక్ట్స్ ఉండేది ఈ ఊళ్లోనే. ఫ్యాక్టరీ కోసం నేను వెతకలేదు. జూ పార్కు పక్కనుంచి సాగే ఈ రోడ్డు మీద ప్రతి ఆగస్టులో పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, లక్షల మంది చూడ్డానికొస్తారు. ట్రాక్టర్ల కోసం అలాంటి పండగేమీ ఇక్కడ లేదు. రాయల్ ఓక్‌లో తయారైన పెట్టె హైలాండ్ పార్కులో తయారైన బండిలో బిగుస్తుంది. రెండు ఊళ్ల మధ్య దూరం తెనాలికీ పక్క ఊరికీ మధ్య ఉన్నంతే.

అక్కణ్ణుంచి తూర్పుకు మళ్లి ఎం-53 పట్టుకున్నాం. మిషిగన్ పటం చేతి తొడుగు ఆకారంలో ఉంటుంది, అందుకే తూర్పున పొడుచుకొచ్చిన భాగాన్ని బొటనవేలనే పిలుస్తారు. పట్నపు ఇళ్లు పలచబడి, చక్కెర దుంప, చిక్కుడు చేలు మొదలయ్యాయి. చేలన్నీ దిక్సూచి పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. గట్లు లేవు, బోదెలు లేవు. "ఇంత పొలంలో మనిషి జాడే లేదేంటండీ?" అన్నారు మామగారు. చేలకు ఆనుకుని ఆకుపచ్చ జాన్ డీర్లు పెద్ద పెద్ద చక్రాలతో నిలబడి ఉన్నాయి. వాటిలో ఒక్కదాని ధరకు మన దగ్గర ఎంత పొలం వస్తుందో లెక్కలు వేసుకుంటూ ఇమ్లే సిటీ చేరాం. రోడ్డు పక్క చెట్టు కింద పులిహోర, ఆవకాయ పెరుగన్నం పూర్తిచేసి వర్క్‌షాపుకు వెళ్లాం.

టూల్‌మేకర్ పెద్దాయన ట్రాక్టర్ని అప్పటికే షెడ్డులోకి ఎక్కించి పెట్టాడు. గేరుబాక్సును బల్ల మీద పెట్టించి, ముందు లివర్ కదిలించి చూశాడు. తర్వాత దాన్ని విప్పి పళ్లన్నీ ఒక్కొక్కటిగా టార్చిలైటు వెలుతురులో పరీక్షించాడు. షర్మన్ గేర్లలో సింక్రోమెష్ ఉండదు. బండి కదులుతుండగా తొందరపడి మార్చే అలవాటున్నవాళ్ల దగ్గర పళ్ల అంచులు పెచ్చులూడతాయి. జారే కాలరు అరిగితే బరువు పడగానే గేరు దానంతటదే ఊడిపోతుంది. రెండు స్థానాల మధ్య అది న్యూట్రల్. అంటే దిగుడులో ఊడితే ఇంజన్ పట్టు పోతుంది, బండి బ్రేకుల దయ మీద దొర్లుతుంది. పాతది కొనేవాడు ముందు చూడాల్సింది ఈ రెండే. మాది బాగానే ఉంది. బేరింగులు, ఆయిల్ సీళ్లు మాత్రం కొత్తవి వేశాడు.

మామగారు అంతసేపూ మాట్లాడకుండా చూశారు. చివరికి నా వైపు తిరిగి, "అల్లుడుగారూ, ఇది ఎక్కడ కూర్చుంటుంది? క్లచ్చికీ పెద్ద గేరుబాక్సుకీ మధ్యనా?" అన్నారు.

"అవునండీ."

"అట్లయితే పీటీఓ కూడా దీని వెనకేగా ఉంటుంది? దీన్ని లో లో వేస్తే బండితో పాటు పీటీఓ కూడా నెమ్మదిస్తుంది. మరి రోటవేటర్ కట్టినవాడికి ఏం లాభం?"

నేను ఇంగ్లీషులో చెప్పగానే పెద్దాయన బల్ల మీద చెయ్యి వేసి నవ్వాడు. అసలు విషయం అదే అన్నాడు. షర్మన్ పెట్టె క్లచ్చి హౌసింగులో, అన్నిటికంటే ముందు కూర్చుంటుంది. దాని తర్వాత వచ్చేవన్నీ, అంటే చక్రాలూ, వెనక కట్టిన పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్టూ, ఆ షాఫ్టు మీద నడిచే హైడ్రాలిక్ పంపూ, దాని వేగానికే తిరుగుతాయి. లో లో వేసి రోటవేటర్ తోలితే బండి నెమ్మదిస్తుంది, కత్తులు కూడా అంతే నెమ్మదిస్తాయి. అడుగు నేలకు పడే కత్తి దెబ్బల సంఖ్య మారదు. రోటవేటర్ కోసమైతే పెట్టె పీటీఓ విడిపోయే చోటుకు వెనక ఉండాలి. ఫెర్గుసన్ ట్రాక్టర్లకు హోవార్డ్ రిడక్షన్ గేరు అలాగే వచ్చింది.

"మా 1035లో అట్లాగే ఉంటుంది," అన్నారు మామగారు. మాసీలో మూడు గేర్లు, వాటి వెనక హై-లో ఎపిసైక్లిక్ గేరు. మొత్తం ఆరు ముందుకు, రెండు వెనక్కి. లో వేస్తే చక్రాలే నెమ్మదిస్తాయి, పీటీఓ తగ్గదు. ఆయన ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు. దమ్ములో కేజ్ వీల్స్ కట్టి, రోటవేటర్ తోలి తెలుసుకున్నారు. మా పని గుంటక తోలడం, చలికాలంలో బ్లేడుతో మంచు తొయ్యడం, రోడ్డు మీద తొట్టి లాగడం. వీటిలో పీటీఓ అవసరం లేదు గనక షర్మన్ మాకు సరిపోతుంది. మా పొలంలో రోటవేటరే ప్రధానమై ఉంటే పెద్దాయన ఆ పెట్టెను బిగించనని చెప్పేవాడు.

ఇక బండిని రెండు ముక్కలు చేయడం. బ్యాటరీ వైరు తీసి, మూడు డ్రెయిన్ ప్లగ్గులూ విప్పాం. 8ఎన్‌లో గేరుబాక్సు, హైడ్రాలిక్, వెనక డిఫరెన్షియల్, మూడింటికీ ఒకటే ఆయిల్. మొత్తం ఐదు గ్యాలన్లు, అంటే ఇంచుమించు పంతొమ్మిది లీటర్లు. దిగిన ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉంది. తేమ చేరిందన్న మాట. షెడ్డులో ఎక్కువ కాలం కదలకుండా ఉండే బండ్లకు ఇది మామూలే. తర్వాత బానెట్టు, స్టీరింగు లింకు రాడ్లు, ముందు యాక్సిల్ నుంచి గేరుబాక్సు కిందికి వచ్చే రెండు రేడియస్ రాడ్లు, వైర్లు, థ్రాటిల్ రాడ్డు విడదీశాం. ముందు యాక్సిల్ మధ్యలో ఒక్క పిన్ను మీదే ఊగుతుంది గనక, రెండు వైపులా చెక్క చీలలు కొట్టకపోతే విడదీసిన ఇంజన్ పక్కకు ఒరిగి మనిషి మీద పడుతుంది. పెద్దాయన చీలలు కొట్టాక స్వయంగా తోసి చూశాడు. వెనక భాగం కింద జాకీ పెట్టి, హౌసింగు బోల్టులు తీసి, ముందు భాగాన్ని చక్రాల మీద మెల్లగా జరిపాం. మామగారు ముందు చక్రాన్ని పట్టుకుని తిన్నగా నడిపించారు.

పాత ఇన్‌పుట్ షాఫ్టు, దాని బేరింగు రిటైనరు బయటికి వచ్చాయి. వాటి స్థానంలో షర్మన్ పెట్టె కూర్చుంది. ప్యాకింగులకు పలచగా సీలెంటు పూశాడు. బండి ఎలాగూ విప్పాం గనక క్లచ్చి ప్లేటు, రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు మధ్యలోని పైలట్ బేరింగు కూడా మార్చేశాం. వాటికయ్యే ఖర్చు తక్కువే. అవి అరిగినప్పుడు మళ్లీ బండి విప్పే శ్రమే ఎక్కువ.

కలపడం విప్పడం కంటే ఓపిక అడుగుతుంది. క్లచ్చి ప్లేటు మధ్య రంధ్రంలోని పళ్లు షాఫ్టు మీది గాళ్లలోకి కుదరాలి. కుదరకపోతే బోల్టులు బిగించి లాగేద్దామన్న ఆశ పుడుతుంది. అలా లాగితే క్లచ్చి ప్లేటు వంగుతుంది, లేదంటే హౌసింగు చెవులు విరుగుతాయి. పెద్ద గేరుబాక్సును గేరులో వేసి, వెనక చక్రాన్ని అంగుళం అంగుళం తిప్పాలి. షాఫ్టు తిరుగుతూ తిరుగుతూ పళ్లను వెతుక్కుంటుంది. చేత్తో తోస్తే రెండు ముఖాలూ అతుక్కోవాలి, ఆ తర్వాతే బోల్టులు. మామగారు చక్రం తిప్పారు, నేను తోశాను, పెద్దాయన సందులోకి టార్చి వేసి చూశాడు. "కుదిరింది" అన్న మాట ముగ్గురమూ ఒక్కసారే అన్నాం, రెండు భాషల్లో.

కొత్త ఆయిల్ పోసి, బండిని చేలోకి దించాం. మొదటి గేరు, షర్మన్ లో లో. ఇంజన్ పూర్తి బలంతో తిరుగుతోంది, బండి మాత్రం సాలు వెంట నడిచే మనిషి వేగంతో కదులుతోంది. మామగారు వెనక నడుస్తూ గుంటక లోతు సరిచేశారు. ఒక్క మొక్క మీదా మట్టి పడలేదు. సాళ్ల చివర దాకా వెళ్లి, "ఇప్పుడు ఇది బండి" అన్నారు.

షర్మన్ హై స్థానంలో, నాలుగో గేరు వేసి రోడ్డు మీద కూడా తోలాను. పదిహేడు, పద్దెనిమిది మైళ్ల దాకా వెళుతుంది. వెళ్లొచ్చుగానీ వెళ్లకూడదు. ఆ బ్రేకులు, ఆ స్టీరింగు పన్నెండు మైళ్లకు చేసినవి. తొట్టి వెనక ఉంటే ఆపడం కష్టం. పెద్దాయన చెప్పిన పద్ధతి ఒకటే: హై స్థానంలో వేస్తే ఇంజన్ని తగ్గించి నడపాలి. అప్పుడు పాత వేగానికే తక్కువ చప్పుడు, తక్కువ పెట్రోలు.

పీటీఓ విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం. 8ఎన్ ఇంజన్ నిమిషానికి 1500 సార్లు తిరిగితే పీటీఓ 540 చుట్లకు కాస్త పైన ఉంటుంది. ఇంజన్ని 2000 దాకా లేపి, షర్మన్‌ని హై స్థానంలో వేస్తే పీటీఓ వెయ్యి దాటిపోతుంది. 540 కోసం చేసిన గడ్డి కోసే యంత్రం రెట్టింపు వేగంతో తిరిగితే కత్తి ఎటు ఎగురుతుందో చెప్పలేం. డాష్‌బోర్డు మీది ప్రూఫ్‌మీటరు ఇంజన్ వేగాన్నే చూస్తుంది. అందులో అచ్చువేసిన బండి వేగం, పీటీఓ అంకెలు షర్మన్ మధ్య స్థానంలో ఉన్నప్పుడు తప్ప నిజం కావు.

ఇంకో ప్రమాదం షర్మన్ ఉన్నా లేకపోయినా 8ఎన్‌తో పుట్టినదే. దీని పీటీఓ గేరుబాక్సు నుంచే నడుస్తుంది. క్లచ్చి తొక్కితే ఇంజన్ విడిపోతుంది గానీ, గడ్డి కోసే బరువైన కత్తి తిరుగుతూనే ఉంటుంది. ఆ ఊపు పీటీఓ షాఫ్టు గుండా గేరుబాక్సులోకి వచ్చి చక్రాలను ముందుకు నెడుతుంది. కంచె దగ్గర క్లచ్చి తొక్కినవాడు ఆగకుండా కంచెలోకి వెళ్లడం అందుకే. పీటీఓ షాఫ్టు చివర ఓవర్‌రన్నింగ్ కప్లర్ అనే చిన్న ముక్క బిగిస్తే బలం ఇటు నుంచి అటే వెళుతుంది, వెనక్కి రాదు. పెద్దాయన మా బండికి అది ముందే పెట్టాడు.

సాయంత్రం టీ తాగుతూ నేనొక సందేహం అడిగాను. పాత బండి ప్రేమికుల్లో కొందరు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉంచాలంటారు. గేరుబాక్సు మార్చడం ఆ నియమం తప్పడం కాదా? పెద్దాయన ఉదాహరణతో జవాబిచ్చాడు. కాన్సాస్‌లోని ఫంక్ కంపెనీ ఆ రోజుల్లోనే ఇదే ట్రాక్టర్లో ఆరు సిలిండర్ల ఇంజన్, వి-8 ఇంజన్ బిగించే కిట్లు అమ్మింది. అవి కూడా ఆ కాలానివే. ఈనాడు వాటికి మంచి ధర పలుకుతుంది. కానీ వెనకున్న గేర్లు, యాక్సిళ్లు, బ్రేకులు పాతిక హార్స్‌పవర్ అటూ ఇటూ ఉండే ఇంజన్ కోసం చేసినవి. అక్కడ బలం పెరిగింది, మిగతాది పెరగలేదు. షర్మన్ బలాన్ని పెంచదు, ఉన్న బలాన్ని పనికి తగ్గట్టు పంచుతుంది. బండి బొమ్మగా నిలబడాలంటే పెట్టక్కర్లేదు, చేను చేయాలంటే పెట్టాలి అన్నాడు.

నాకు ఆ మాట నచ్చింది. మామగారికి ఇంకా నచ్చింది. ఊళ్లో తన 1035 అన్న కొడుకు చేతిలో ఉందనీ, హై-లో గేరు ఊడిపోతోందని ఆ కుర్రాడు పాత ఇనుప సామాన్లవాడికి వేస్తానంటున్నాడనీ అప్పుడు బయటపెట్టారు. దారిలోనే ఫోన్ చేసి, "ఒరేయ్, బండి జోలికి పోవద్దు. నే వచ్చాక విప్పుదాం" అన్నారు.

మీ ఇంటి కొట్టంలో పాత మాసీ ఉన్నా, మహీంద్రా బి-275 ఉన్నా, హెచ్ఎంటీ ఉన్నా నాదొక మనవి. గేర్లు ఎన్ని అని అడగకండి. ఏ పనికి వాడతారో ముందు రాసుకోండి. కొత్తగా పెట్టే గేరుబాక్సు పీటీఓకి ముందు కూర్చుంటుందా, వెనక కూర్చుంటుందా అని మెకానిక్‌ని అడిగి తేల్చుకోండి. రోటవేటర్ తోలేవాళ్లకు ముందు కూర్చునేది పనికిరాదు. మీ పాత బండి పీటీఓ క్లచ్చి తొక్కినా చక్రాలను నెడుతుంటే, గేరుబాక్సుకు డబ్బు దాచే ముందు కప్లర్ కొనండి.